ముందే రాసిన ఇరవై ఎనిమిది పుటలు

మంగళవారం, సాయంత్రం 6.15

ఈ ఉదయం 6.20కి తొమ్మిదో రాయి దగ్గర సముద్రపు కట్ట తెగింది. ఇద్దరు చనిపోయారు. కట్ట కాపలా చూసే లస్కరు మట్టపర్తి సోమరాజు (49), నారుమడిలో ఉన్న పొలమూరి చిట్టెమ్మ (58). గండి వెడల్పు నాలుగు మీటర్లు. సరుగుడు వాసాలు పాతి, ఇసుక బస్తాలు వేసి మధ్యాహ్నం 1.40కి పూడ్చారు. ముప్పై ఒక్క ఎకరాల ఉప్పువరి నీళ్ళ కింద ఉంది.

ఈ కట్ట లేఖరిగా సాయంత్రం ఆరింటిలోగా నేను కంటిపుట పంపాలి. పంపలేదు. కాగితం ముందు రెండు గంటలు కూర్చున్నాను. తేదీ వేశాను. దాని కింద ఏమీ లేదు.

ఈ నోటుబుక్కు సంగతి వేరు. టైము, పేరు, అంకె గీసుకోవడం పాత అలవాటు, చెయ్యి తనంతట తానే చేస్తుంది. కంటిపుట అలా కాదు. ఇరవై నాలుగు లైన్లు, పెన్నుతో, ఆ రోజు కట్ట మీద కంటితో చూసింది మాత్రమే రాయాలి. రాశాక లస్కరుకు చదివి వినిపించాలి. ఆయన సరేనని వేలిముద్ర వేశాక నేను సంతకం పెట్టి పెట్టెలో పెట్టాలి. పెట్టె దాన్ని ఫొటో తీసి మెట్ట మీది కట్టల బోర్డుకు పంపి, కింద నుంచి ఒక చీటీ వదులుతుంది. "పుట అందింది. ధన్యవాదాలు."

మూడు రోజులు వరుసగా పుట అందకపోతే కట్టను మూసివేతలో పెడతారు. విచారణ, జాబితాలు, ముప్పై రోజుల గడువు, తర్వాత అందరూ మెట్ట శిబిరానికి. ఇది పద్దెనిమిదో కట్ట. నిన్నటి వరకు లోపల 412 మందిమి.

ఒక పుట పోయింది.

మంగళవారం, సాయంత్రం 6.40

మరిచిపోకముందే ఇది కూడా. అయిదింటికి పెట్టె నుంచి ఒక చీటీ వచ్చింది. "పద్దెనిమిదో కట్ట గండి. ప్రాథమిక కారణం: లస్కరు తడి సంగతి తెలియజేయలేదు. మిగతా కట్ట: సోమవారం కంటిపుట ప్రకారం పొడి."

సోమవారం కంటిపుట నాదే. అందులో కట్ట పొడిగా ఉందని ఉంది. సోమవారం నేను కట్ట మీదికి వెళ్ళలేదు.

బుధవారం, ఉదయం 7.10

బల్ల మీద ఇంకా అయిదు కాగితాలున్నాయి. మంగళ, బుధ, గురు, శుక్ర, శని. అయిదింటిలోనూ ఇరవై నాలుగు లైన్లూ నిండి ఉన్నాయి. నీటిమట్టం అంకె కోసం మాత్రం ఖాళీ వదిలాను. అయిదింటి మీదా సోమరాజు వేలిముద్ర ఉంది. తాను బతికి లేని రోజులకు కూడా ఆయన సరే అన్నాడు.

ఇలా జరిగింది.

రాయాలన్న కోరిక నాకు ఎప్పుడు పోయిందో తేదీ చెప్పలేను. మిగతా చాలావాటికి చెప్పగలను. ఇరవై ఏడేళ్ళు పత్రికలో చేశాను. రోజూ ఏడింటికి డెస్కు నుంచి పద్మనాభం గారు ఫోను చేసి, "ఎంతవరకు వచ్చింది?" అనేవారు. బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఫోను మోగేలోపు సగం దాటి ఉండాలన్న కంగారే అప్పట్లో నా ఉత్సాహం. ఇంకో రకం ఉత్సాహం నాకు తెలియదు.

ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఎవరూ అడగరు. ఆరేళ్ళ క్రితం ఒకరోజు పరీక్షగా పుట మొత్తం పీతల పులుసు ఎలా చెయ్యాలో రాసి పంపాను. పుట అందింది, ధన్యవాదాలు అని చీటీ వచ్చింది. ఆ రోజు సోమరాజు నవ్వి, చింతపండు కాస్త ఎక్కువైందని చెప్పి వేలిముద్ర వేశాడు. నేనూ నవ్వాను. ఎవరూ చదవడం లేదని నిర్ణయించుకున్నాను. చీటీలు చదవడం కూడా ఆ రోజుతోనే మానేశాను.

తర్వాత అన్నీ చేసి చూశాను. ఉదయం తొమ్మిదికే కూర్చోవడం. పెన్ను మార్చడం. మొదటి లైను వదిలేసి రెండో లైనుతో మొదలుపెట్టడం. బల్లను ఒక నెల కిటికీ వైపు, ఒక నెల గోడ వైపు తిప్పడం. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఉత్సాహం బిళ్ళలు పదిహేను రోజులు వేసుకున్నాను. ఆ పదిహేను పుటల్లో సముద్రం గంభీరంగా, కట్ట ధీరంగా ఉన్నాయి. నీళ్ళు ఎంత ఉన్నాయో లేదు. బిళ్ళలు కాలువలో పారేశాను.

నాలుగు ఆదివారాల కిందట ఒక్క పూటలో ఏడు పుటలు రాసేశాను. కట్ట పొడిగా ఉంది, పీత బొరియలు మామూలే, నీటిమట్టం ఇంత. ఎలాగూ ప్రతిరోజూ అదే. సోమరాజుకు చూపించి, తప్పేమో అన్నాను.

"మీకు ఓపిక చాలట్లేదు గదండీ. అన్నిటికీ ఒకేసారి వేసేస్తాను, రోజూ మీకూ నాకూ తిప్పలెందుకు," అన్నాడు. బొటనవేలు ఏడుసార్లు అద్దాడు.

అలా నాలుగు ఆదివారాలు. మొత్తం ఇరవై ఎనిమిది పుటలు. ఇరవై మూడు పంపాను.

బుధవారం, ఉదయం 11.30

సోమరాజును, చిట్టెమ్మను పదింటికి ఇరవయ్యో రాయి అవతల దిబ్బ మీద పూడ్చారు. అక్కడే కాస్త పొడి నేల ఉంది. నేను వెళ్ళాను. అంకెలు తప్ప ఏమీ రాసుకోలేకపోయాను. వచ్చినవాళ్ళు సుమారు మూడు వందల మంది.

అటు నుంచి అటే సోమరాజు భార్య భూలక్ష్మి నా గదికి వచ్చింది. ఆవిడ వయసు నలభై నాలుగు. చేతిలో లస్కరు కర్ర. కొత్త లస్కరు వచ్చేవరకు ఆ ఇంటివాళ్ళే కర్ర పట్టాలి, కట్ట కొలవాలి. కట్టల మీద అది ఆనవాయితీ. భర్తను పూడ్చిన రోజే ఆవిడ కర్ర పట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

బోర్డు చీటీ సంగతి ఊరంతటికీ తెలిసింది. సోమరాజు చూడలేదని, చూసినా చెప్పలేదని రేవు దగ్గర అనుకుంటున్నారు. చిట్టెమ్మ కొడుకు పూడ్చేచోట భూలక్ష్మికి వీపు పెట్టి నిలబడ్డాడు. అది నేనూ చూశాను.

"ఆయన చెప్పాడండి. రెండు వారాలయ్యింది, మంగళారం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటా నాతో అన్నాడు, తొమ్మిదో రాయి కాడ చెమ్మగా ఉంది, రిపోర్టరమ్మ గారికి చెప్పేశాను, ఇంక ఆవిడ చూసుకుంటారు అని."

చెప్పాడు. నాకు గుర్తుంది. సాయంత్రం అయిదు దాటింది. పుట అప్పటికే పెట్టె మీద ఉంది, కట్ట పొడిగా ఉందని. అరచెయ్యంత తడి అన్నాడు. నీళ్ళు తేటగా ఉన్నాయా అని అడగాల్సింది. రేపు కలుపుతానన్నాను. రేపటిది కూడా ముందే రాసి ఉంది.

భూలక్ష్మికి అవునన్నాను. ఆవిడ ఆ మాట కాయితం మీద రాస్తారా అని మాత్రం అడిగింది. నేను జవాబు చెప్పకముందే ఇంకో సంగతి చెప్పింది. పొద్దున పూడ్చడానికి ముందు కట్ట మొత్తం నడిచిందట. పద్నాలుగో రాయి దగ్గర తడి ఉంది. జానెడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి.

బుధవారం, మధ్యాహ్నం 1.05

ఆవిడ వెళ్ళాక పెట్టె కింద బుట్ట తిరగేశాను. చీటీలన్నీ అందులోనే పడతాయి. గడిచిన పద్నాలుగు రోజులవి వరుసగా పేర్చాను. పదకొండింటిలో ధన్యవాదాల కింద ఇంకో లైను ఉంది. సన్న అక్షరాలు.

"పరికరం: తడి. కంటిపుట: పొడి. నిబంధన ప్రకారం కంటిపుటనే తీసుకున్నాం."

పదకొండు రోజులు కట్టలోని పరికరం నిజం చెప్పింది. పదకొండు రోజులు నా పుట దాని నోరు మూయించింది.

ఆ నిబంధన ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. పదకొండో కట్టలో పరికరాలు బురదకు పూడుకుపోతే, లేని అంకెల్ని యంత్రం ఊహించి నింపింది. అరవై మూడు మంది పోయారు. అప్పటి నుంచి పరికరం మీద మనిషి కన్నే పైమాట. ఆ వార్త మా పత్రికలో రాసింది నేనే. నాలుగు కాలమ్‌ల వార్త. రాయడానికి గంటా పది నిమిషాలు పట్టింది.

పెట్టె అవతల నా పుటలో వాళ్ళకు కావలసిన మాట ఒక్కటే. పొడి, లేదా తడి. ఆ ఒక్క మాటా వాళ్ళు రోజూ చదివారు.

బుధవారం, సాయంత్రం 4.20

కట్ట పెద్ద గనిశెట్టి తాతబ్బాయి వచ్చాడు. మంచి మనిషి. నిన్న గండి దగ్గర మెడలోతు నీళ్ళలో ఆరు గంటలు నిలబడ్డాడు. చేతికి కట్టు ఉంది.

కుర్చీలో కూర్చుని ముందు పరాచికమాడాడు. పత్రికలో ఉన్నప్పుడు పోయినాళ్ళ మీద వార్త అరపూటలో రాసేవోరట గదా, ఇప్పుడు మావాళ్ళు మరీ చిన్నోళ్ళయిపోయారా అన్నాడు. నేను నవ్వలేదు. తర్వాత బల్ల మీది అయిదు కాగితాలు చూశాడు. చదివాడు. రెండోసారి చదివాడు. ఇన్నాళ్ళూ ఇలాగేనా అని అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని తెలిసినట్టుంది.

ఆయన వాదన ఇది. రెండో పుట పోబోతోంది. మూడోది పోతే మూసివేత. ఈ అయిదూ తయారుగా ఉన్నాయి, వేలిముద్రలున్నాయి, పోయినాడి వేలిముద్ర అని పెట్టెకు తెలియదు. మట్టం అంకె వేసి పంపితే ఊరు నిలబడుతుంది. పద్నాలుగో రాయి సంగతి ఊళ్ళోవాళ్ళమే చూసుకుంటాం, బస్తాలున్నాయి. తడి అని రాస్తే ఎర్ర ఉత్తర్వు వస్తుంది. ఒక రోజులో పడవలొస్తాయి, మళ్ళీ రానివ్వరు. మెట్ట శిబిరంలో తన తమ్ముడున్నాడు, పదకొండో కట్టవాడు. పదేళ్ళలో ఒక్క గింజ నాటలేదు. నంబరు పిలిస్తే లేస్తాడు, నంబరు పిలిస్తే తింటాడు. గత నెల వెళ్తే అన్నను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

ఇందులో ఒక్కటీ అబద్ధం లేదు. శిబిరం సంగతి నేను కనుక్కున్నదే.

శనివారం పొద్దున అమావాస్య పోటని గుర్తు చేశాను. ఇరవై ఏళ్ళుగా ఎన్ని అమావాస్యలు చూశామన్నాడు. మరి సోమరాజు మాటేమిటని అడిగాను. ఆయన తల దించుకుని చేతి కట్టు సర్దుకున్నాడు.

"సోమరాజు నాకు పెదనాన్న కొడుకండీ. చచ్చినోడికి ఓ మాట పడితే నొప్పెట్టదు. ఆ నాలుగొందల మందికీ పెడతాది."

వెళ్తూ మంగళవారం, బుధవారం కాగితాలు తీసి పెట్టె మీద పెట్టాడు. లోపల పెట్టలేదు. ఆ పని నా చేతులతోనే జరగాలి.

బుధవారం, సాయంత్రం 6.00

పెట్టలేదు. కొత్తదీ రాయలేదు. రెండో పుట పోయింది.

ఇది ధైర్యం కాదని రాసుకోవాలి. అబద్ధం పంపడానికి కూడా లేచి నాలుగు అడుగులు వెయ్యాలి. వెయ్యలేదు, అంతే.

గురువారం, ఉదయం 6.30

భూలక్ష్మి కిటికీ మీద కర్రతో కొట్టింది. పద్నాలుగో రాయి దగ్గరకు రమ్మంది. చెప్పులు వేసుకుని వెళ్ళాను. కట్ట ఎక్కడం ఇరవై అయిదు రోజుల తర్వాత ఇదే మొదటిసారి. మెట్లు పదిహేడు. పన్నెండో మెట్టు దగ్గర ఆగాల్సి వచ్చింది.

గురువారం, ఉదయం 7.45, పద్నాలుగో రాయి

చూసింది: లోపలివైపు వాలులో తడి. పొడవు మూరెడు. నిన్న భూలక్ష్మి లెక్క జానెడు. తడి మధ్యలో చిటికెన వేలు పట్టేంత కన్నం. దాని నుంచి నీళ్ళు వస్తున్నాయి. దారంలా, ఆగకుండా.

నీళ్ళు తేటగా లేవు.

భూలక్ష్మి దోసిలితో పట్టి నాకు చూపించింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాక అరచేతిలో సన్నటి బూడిదరంగు మట్టి మిగిలింది. సోమరాజు ఆవిడకు పెళ్ళైన కొత్తలో నేర్పాడట. తేట నీరైతే ఊట, కట్ట చెమర్చింది, అంతే. బురద నీరైతే లోపల బుంగ పడింది, కట్ట కడుపులో మట్టి కరిగి బయటికొచ్చేస్తోంది. పైన బస్తాలు ఎన్ని వేసినా లోపల ఖాళీ అయిపోతూనే ఉంటుంది.

తొమ్మిదో రాయి దగ్గర కూడా చివరి రోజుల్లో బురద వచ్చిందా అని అడిగాను.

"నాకేం తెలుసండీ. ఆయనా పోలేదు అటు. మీకు చెప్పేశాడు గదా."

దీన్ని నేను రెండుసార్లు రాసుకున్నాను. నేను అడగడం మానేశాక ఆయన చూడడం మానేశాడు. తొమ్మిదేళ్ళు రోజూ సాయంత్రం నేను ప్రశ్నలు వేసేదాన్ని. ఎంత తడి, ఏ రంగు, ఎన్ని బొరియలు. అడుగుతానని తెలుసు కాబట్టి చూసి వచ్చేవాడు. పుట ముందే రాసి ఉంటే అడగడానికేముంది. నేను ఆయన మీద, ఆయన నా మీద వదిలేశాం. ఇద్దరి మధ్యా కట్టను చూసినవాళ్ళు లేరు.

నా పుటకు చదివేవాళ్ళు లేరనుకున్నాను. రోజూ సాయంత్రం వినేవాడు ఒకడు ఉండేవాడు.

గురువారం, ఉదయం 9.50

పదిహేనో రాయి పొడి. పదహారు పొడి. పదిహేడు, పీత బొరియలు పదకొండు, తడి లేదు. పద్దెనిమిది పొడి. పంతొమ్మిది పొడి. ఇరవై పొడి. తిరిగి వస్తూ పద్నాలుగు: తడి మూరెడు దాటి ఇంకో బెత్తెడు. రెండు గంటల్లో.

వేళ్ళకు బురద. నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండాయి. ఎప్పుడు నిండాయో చూసుకోలేదు.

గురువారం, మధ్యాహ్నం 3.10

రాయడానికి కూర్చున్నాను. కోరిక లేదు. ఉందని రాస్తే అది కూడా ముందే రాసిన పుటే అవుతుంది. ఉన్నదల్లా చేతిలో నాలుగు పేజీల అంకెలు, అవి ఎవరికో చెప్పకపోతే లేవలేనన్న సంగతి.

మొదటి లైను: "ఈ పుట రాస్తున్న నేను ఈ ఉదయానికి ముందు ఇరవై అయిదు రోజులు కట్ట మీదికి రాలేదు."

రెండోది: "ఆ రోజుల్లో పంపిన ఇరవై మూడు పుటలూ చూడకుండా ముందే రాసినవి."

మూడోది: "తొమ్మిదో రాయి దగ్గర తడి ఉందని లస్కరు మట్టపర్తి సోమరాజు గండికి రెండు వారాల ముందు మంగళవారం సాయంత్రం నాకు చెప్పాడు. నేను రాయలేదు."

ఆ తర్వాత పద్నాలుగో రాయి.

గురువారం, సాయంత్రం 4.00

పదమూడో లైను దగ్గర ఆగిపోయాను. తర్వాతి మాట తెలుసు. తడి, బురద నీరు, బుంగ. అది రాస్తే తాతబ్బాయి తమ్ముడు గుర్తొస్తున్నాడు. భూలక్ష్మి ఇల్లు కట్టకు నలభై గజాలు. రేపటి నుంచి అది ఉండదు. మొగుడి పేరు నిలబెట్టే పుటే ఆవిడ ఇంటిని తీసేస్తుంది. నిన్న నన్ను రాయమని అడిగినప్పుడు ఆవిడకు ఆ సంగతి తెలుసో లేదో నేను కనుక్కోలేదు.

గుమ్మంలో ఆవిడే ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అడిగాను. ఇది పంపితే పడవలొస్తాయి, మీ ఇల్లు పోతుంది, తెలుసా అని.

"తెలుసండీ. సామాను కట్టేశాను." కర్ర గోడకు ఆనించింది. "ఎంతవరకు వచ్చింది?"

సగం దాటిందన్నాను. మళ్ళీ పెన్ను పట్టుకున్నాను.

గురువారం, సాయంత్రం 5.05

ఇరవై నాలుగు లైన్లు అయ్యాయి. లస్కరు కర్ర భూలక్ష్మి దగ్గర ఉంది కాబట్టి ఆవిడకే చదివి వినిపించాలి. గదిలో వద్దంది. కట్ట మెట్ల దగ్గర చదవమంది. చదివాను. మొదట ఆరుగురున్నారు. అయిపోయేసరికి అరవై, డెబ్బై మంది. చిట్టెమ్మ కొడుకు ముందు వరసలో ఉన్నాడు. మూడో లైను దగ్గర ఒకసారి ఆపి మళ్ళీ చదవమన్నాడు. చదివాను. అతను భూలక్ష్మి వైపు తిరిగి, చూపు దించుకున్నాడు. నా వైపు మాత్రం దించుకోలేదు.

భూలక్ష్మి విని, ఒక దిద్దుబాటు చెప్పింది. తడి మూరెడు కాదు, ఇప్పుడు రెండు మూరలు. దిద్దాను. వేలిముద్ర వేసింది.

తాతబ్బాయి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కనుంచి వెళ్తుంటే, గొంతు పెంచకుండా అన్నాడు.

"మా ఊరిని మీ చేత్తోనే మూసేశారు, రిపోర్టరమ్మ గారూ. ముందోసారి రాయక, ఇప్పుడు రాసి."

ఆయన అన్నది అన్నట్టుగా రాశాను. రెండు సగాలూ నిజమే.

గురువారం, సాయంత్రం 5.38

పుటను పెట్టెలో పెట్టాను. తయారుగా ఉన్న అయిదు కాగితాలనూ దాని వెనక పెట్టాను, ఒక్కొక్క దాని మీద అడ్డంగా "చూడకుండా రాసినది" అని రాసి.

చీటీ వచ్చింది. "పుట అందింది. ధన్యవాదాలు."

చీటీని బుట్టలో వెయ్యలేదు. చివరిదాకా చదివాను. సన్న అక్షరాలు లేవు.

గురువారం, సాయంత్రం 5.51

రెండో చీటీ. "కంటిపుట: తడి, బురద. పద్దెనిమిదో కట్ట ఎర్ర ఉత్తర్వు. గండి ప్రాథమిక కారణం సవరించబడింది: లస్కరు తెలియజేశాడు. లేఖరి నమోదు చేయలేదు."

భూలక్ష్మి దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి రవికలో పెట్టుకుంది. కర్ర తీసుకుని పద్నాలుగో రాయి వైపు వెళ్ళింది.

గురువారం, సాయంత్రం 6.20

రేపటి కార్యక్రమం, బోర్డు పంపిన ప్రకారం. ఉదయం 7.00కి పదకొండు పడవలు రేవుకు వస్తాయి. ముందు పసిపిల్లలూ ముసలివాళ్ళూ, తర్వాత మిగతావాళ్ళు. మనిషికి ఒక మూట. చివరి పడవ సాయంత్రం 4.00. అమావాస్య పోటు శనివారం ఉదయం 5.50. సోమవారం ఉదయం 10.00కి మెట్ట మీద బోర్డు ఆఫీసులో నా మీద విచారణ. ఇరవై మూడు పుటల మూలప్రతులు చూస్తారు.

ఎర్ర ఉత్తర్వు ఉన్న కట్టకు కూడా చివరి మనిషి దాటే వరకు కంటిపుట ఉండాలి. శుక్రవారం కొత్త పుట ముందే రాయలేదు. ఉదయం 6.30కి పద్నాలుగో రాయి దగ్గర భూలక్ష్మి ఉంటుంది. చూసి రాస్తాను.